కుంచం ఎవరిది? పాత కొలతలతో ఆట చేస్తున్న డైరీ

మొదటి వారం

ఇదంతా ఒక్క డైలాగుతో మొదలైంది. నేను చేస్తున్న ఆట ఒక ఊహా లోకం. అందులో మీరు బండి తోలుకుంటూ ఊరూరా సరుకు కొని అమ్ముకునే మనిషి. కత్తులు తక్కువ, బేరాలు ఎక్కువ. కోట గుమ్మం దగ్గర ముసలి కాపలావాడు ఉంటాడు, దారి అడిగితే "ఉప్పురేవు ఇక్కడికి 12 కిలోమీటర్లు బాబూ" అంటాడు. వాడి తల మీద రెక్కల పాము ఎగురుతోంది, వాడి నోట్లో కిలోమీటరు. బొమ్మలు వేసి పెడుతున్న ఫ్రెండు ఆ సీను చూసి పడీ పడీ నవ్వాడు. "వాడి దగ్గర జీపీఎస్ ఉందేమో కనుక్కో" అన్నాడు.

నిజమే కదా. మీటరు పుట్టింది ఫ్రెంచి విప్లవం కడుపులోంచి. 1795లో చట్టం, 1799లో ప్లాటినం కడ్డీ. పారిస్ లేని లోకంలో, విప్లవం జరగని లోకంలో మీటరు ఎక్కడి నుంచి ఊడిపడుతుంది?

మొదట అందరూ చేసే పనే నేనూ చేశాను, సొంతంగా కొలతల పేర్లు కల్పించాను. పొడవుకు ఒకటి, బరువుకు ఒకటి, గింజలకు ఒకటి. రెండు రోజులు కూర్చుని పట్టిక కూడా రాశాను. ఇద్దరితో ఆడిస్తే ఇద్దరూ అడిగింది ఒకటే: "ఇది మీటర్లలో ఎంత?" అంటే ఆటగాడి బుర్రలో నా కొత్త కొలత మీటరు మీద కప్పిన ముసుగు, అంతే. ఆ పట్టిక తీసి పారేశాను, పేర్లు ఇక్కడ రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

తర్వాత తట్టింది: పాత కొలతలు మన నోట్లో ఇంకా ఉన్నాయి. పుట్టి అంటే ఎంతో తెలియనివాడికి కూడా పుట్టెడు దుఃఖం అంటే తెలుసు. బారెడు పొద్దెక్కింది, జానెడు పొట్ట, ఆమడ దూరం, కూతవేటు దూరం, గంపెడాశ. ఎవరికీ నేర్పక్కర్లేదు, సైజు సుమారుగా ముందే బుర్రలో ఉంది. కాపలావాడి డైలాగు మార్చాను: "ఇక్కడికి ఆమడ దూరం బాబూ, జాము పొద్దుండగా చేరతావు." ఫ్రెండు ఈసారి నవ్వలేదు.

రెండో వారం

గింజల కొలతలతో మొదలుపెట్టాను, ఆటలో ఎక్కువ బేరాలు వాటివే కాబట్టి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. కోడులో దశాంశాలు పెడితే ఎక్కడో ఒకచోట 1కి బదులు 0.9999 వచ్చి పరువు తీస్తుందని తెలుసు కాబట్టి అన్నీ గిద్దల్లోకి మార్చి పూర్ణాంకాలుగా దాద్దామనుకున్నాను. లెక్క వేస్తుంటే ఒళ్ళు జలదరించింది. సోల 4, తవ్వ 8, మానిక 16, కుంచం 64, తూము 256. తూము అంటే 256 గిద్దలు, ఒకటిని ఎనిమిదిసార్లు రెట్టింపు చేస్తే వచ్చేది, రెట్టింపుల్లోనే లెక్కపెట్టే కంప్యూటరుకు సొంత అంకె! ప్రోగ్రామింగు చేసేవాడికి ఈ అంకె చూస్తే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా. పుట్టి దగ్గర మాత్రం ఇరవై వచ్చి లయ తప్పింది, 5120.

ఇలా ఎందుకుందో కాసేపు ఆలోచిస్తే అర్థమైంది. త్రాసు లేకుండా గింజలను పదో వంతు చేయడం కష్టం, సగం చేయడం సుళువు. రెండు ఒకేలాంటి గిన్నెల్లో సమంగా పోస్తే సగం, మళ్ళీ చేస్తే పావు, మళ్ళీ మళ్ళీ చేస్తే వీసం, అంటే పదహారో వంతు. గిద్ద మానికలో వీసం, సోల కుంచంలో వీసం, మానిక తూములో వీసం. పదహారణాలు పుట్టించిన ఆలోచన కూడా ఇలాంటిదే.

దీన్ని పట్టుకుని ఇంకొంచెం లోపలికి వెళ్తే ఇంకో వింత కనపడింది. తెలుగులో భిన్నాలు రాయడానికి పాతకాలంలో ప్రత్యేకమైన అంకెలు ఉండేవి, అవి నాలుగు ఆధారంగా నడిచేవి: పావు, పావులో పావు, అందులో పావు. కంప్యూటర్లలో అన్ని లిపుల అక్షరాలకూ ఉమ్మడి పట్టిక యూనికోడ్, 2008లో వచ్చిన దాని 5.1 వెర్షనులో అవి చేరాయి, వాటి పక్కనే తూముకు ఒక గుర్తు కూడా ఉంది: ౿. ఇన్నాళ్ళుగా తెలుగులో టైపు చేస్తూ ఇది ఉన్నట్టే నాకు తెలియదు. అంగడి బోర్డుల మీద, సంచుల మీద దీన్ని వేయాలని ఆశపడ్డాను. నేను వాడుతున్న ఫాంటులో ఆ గుర్తు లేదు, స్క్రీను మీద ఖాళీ డబ్బా వచ్చింది. ఫాంటు మారిస్తే గుర్తు వచ్చింది కానీ మిగతా అక్షరాలు నాకు నచ్చలేదు. చివరికి ఆ ఒక్క గుర్తుకు రెండో ఫాంటును వెనక నిలబెట్టాను, మొదటి దాంట్లో లేనిది రెండో దాంట్లో వెతుక్కునేలా. చూసేవాళ్ళకు కొంచెం లావుగా కనపడుతుంది, కనపడనీ.

(ఆట కట్టడానికి గోడో (Godot) 4 అనే గేమ్ ఇంజను వాడుతున్నాను. తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగ్గా పడాలంటే 4 నుంచే. 3లో ఓసారి ప్రయత్నించి "క్ష్మ" పరిస్థితి చూసి కళ్ళు మూసుకున్నాను.)

మూడో వారం

ఈ వారమంతా "ఎడు" తినేసింది.

స్క్రీను మీద "1 కుంచం గింజలు" అని వస్తోంది. తప్పు కాదు, కానీ ఎవరూ అలా అనరు, కుంచెడు గింజలు అంటారు. మూరెడు తాడు, సోలెడు నూనె, తవ్వెడు ఉప్పు. మానిక అయితే మానెడు అవుతుంది, మధ్యలో "క" ఎగిరిపోతుంది. రెండైతే మళ్ళీ మామూలే, రెండు కుంచాల గింజలు. ఒకటిన్నర అయితే కుంచమున్నర, మూరన్నర. కంప్యూటరుకు తెలుగు బహువచనం అంటే ఒకటి, ఒకటి కానివి అని రెండే గదులు. ఆ ఒకటి గదిలో "ఎడు" రూపాలు చేత్తో కూర్చి పెట్టాను, సగాలకు విడిగా ఇంకో గది కట్టాను.

పని చాకిరీయే గానీ ఫలితం చూస్తే ముచ్చటేసింది. "ఎడు" ఉన్నచోట అంకె అక్కర్లేదు, ఇంకా చెప్పాలంటే కొలపాత్రే అక్కర్లేదు. చారెడు, దోసెడు, గుప్పెడు, తట్టెడు, బండెడు. దేంతో కొలిస్తే అదే కొలత. దాంతో ఒక నిర్ణయం తీసుకున్నాను: పేదల అంగళ్ళలో కుంచం, తూము అసలు వినపడవు, అక్కడ బేరం దోసెళ్ళలోనే. పెద్ద అంగడిలో అడుగుపెట్టాకే ముద్ర వేసిన పాత్రలు కనిపిస్తాయి. ఊరి ఆస్తిపాస్తులు చెప్పడానికి వేరే డైలాగు రాయక్కర్లేకుండా పోయింది.

నాలుగో వారం: తాడు గొడవ

పొడవులు. నాలుగు వేళ్ళ వెడల్పు బెత్తెడు, మూడు బెత్తెలు జాన, రెండు జానలు మూర, నాలుగు మూరలు బార. చేతులు రెండూ చాపితే బార, మనిషి ఎత్తు కూడా దాదాపు అంతే కాబట్టి బారకూ నిలువుకూ పెద్ద తేడా లేదు. ఇక్కడ లెక్క సుళువే. చిక్కు ఏమిటంటే నా లోకంలో గుజ్జువాళ్ళని ఒక జాతి ఉంది, మన భుజం దాకా వస్తారు. తాళ్ళు పేనేదీ అమ్మేదీ వాళ్ళే.

సరే, బార అంటే చేతులు చాపిన కొలత కదా, మరి ఎవరి చేతులు? కోడులో బారను ఒక స్థిర సంఖ్యగా పెట్టబోయి ఆగాను. ప్రతి పాత్రకూ ఎత్తు ఎలాగూ ఉంది, అందులోంచే బార లెక్కగట్టేలా రాశాను. ఇంజనులో అంతా మీటర్లే, ఆ సంగతి ఆటగాడికి ఎక్కడా కనపడదు. మన మనిషి బార 1.8, గుజ్జువాడి బార 1.35.

ఊరి చివర పాడుబడ్డ బావి ఉంది, గట్టు మీద "లోతు 10 బారలు" అని చెక్కి ఉంటుంది. మా కజిన్ ఆడుతూ, ఎందుకైనా మంచిదని గుజ్జువాడి దగ్గర 12 బారల తాడు కొన్నాడు. దిగాడు. నేలకు సరిగ్గా ఒక నిలువు పైన తాడు అయిపోయింది. కింద చీకటి, చేతిలో తాడు కొస. "అన్నా, నీ బావి లెక్క తప్పింది, 12 బారలు 10 బారలకు చాలకపోవడమేంటి" అని వెంటనే ఫోను. లెక్క తప్పలేదురా, తాడు అమ్మినవాడి చేతులు చూశావా అన్నాను. రెండు క్షణాలు అటునుంచి ఏమీ లేదు, తర్వాత వినలేని మాట ఒకటి వచ్చింది.

వాడి కోపంలోనూ న్యాయం ఉంది. ఆటగాడికి ముందుగా తెలుసుకునే వీలు లేకపోతే అది పజిల్ కాదు, అన్యాయం. అందుకని తాడు కొలవడాన్ని కళ్ళముందు పెట్టాను. గుజ్జువాడు తాడు కొస పట్టుకుని చేతులు చాపుతాడు, గుండెకు అడ్డంగా లాగుతాడు, మళ్ళీ చాపుతాడు, ఒకటీ రెండూ అని లెక్కపెడుతూ పన్నెండు సార్లు. ఆ యానిమేషను దాటవేసే బటన్ ఉంది. అది నొక్కినవాళ్ళు బావిలో వేలాడతారు.

ఇది నా సొంత తెలివేమీ కాదు. ఈజిప్టులో మామూలు మూరకు ఆరు బెత్తెలు, రాజుగారి మూరకు ఏడు. పిరమిడ్లు కట్టిందీ ఆ రాజుగారి మూరతోనే, సుమారు 52 సెంటీమీటర్లు. అంత పని చేయించాలంటే అందరి చేతులూ పక్కన పెట్టి ఒకే కర్రను నమ్మాలి.

ఐదో వారం, చిన్నవి

కాలం గురించి. రోజుకు 60 గడియలు, గడియకు 60 విఘడియలు. అంటే గడియ మన 24 నిమిషాలు, విఘడియ 24 సెకన్లు. ఆటలో కాలాన్ని 60 రెట్లు వేగంగా నడిపితే ఆటలో ఒక రోజు బయట సరిగ్గా ఒక గడియ, ఆటలో ఒక గడియ బయట సరిగ్గా ఒక విఘడియ. కావాలని చేసింది కాదు, దానంతటదే అలా కుదిరింది. మూల మీద గడియారం బొమ్మ తీసేసి నీళ్ళలో తేలే చిన్న రాగి గిన్నె పెట్టాను, అడుగున బెజ్జం, మెల్లగా నీళ్ళెక్కి మునుగుతుంది, మునిగితే గడియ. గడియారం అనే మాటలో ఉన్నది ఆ గడియే.

దూరాలకు ఆమడ ఉంచాను గానీ యోజనాన్ని ఎంతకు కట్టాలో తేలక తల పట్టుకున్నాను. ధనుస్సు అంటే దాదాపు ఒక బార, క్రోశానికి వెయ్యి ధనుస్సులని ఒక లెక్క, రెండు వేలని ఇంకో లెక్క. నాలుగు క్రోశాలు యోజనమైతే ఒకటి ఏడు కిలోమీటర్లు దాటుతుంది, రెండోది పద్నాలుగున్నర. ఏది సరైనదో తేల్చడం మానేసి, పటాలు అమ్మే ఇద్దరికీ చెరొకటి ఇచ్చాను. వాళ్ళిద్దరికీ పడదు, ఎందుకో ఎవరికీ గుర్తులేదు.

బరువుల్లో మణుగు. మద్రాసు లెక్కలో ఎనిమిది వీశలు, 25 పౌన్లు, పదకొండు కిలోల పైన. బెంగాలు లెక్కలో 40 సేర్లు, 37 కిలోల పైన. పేరు అదే, బరువు మూడు రెట్లకు మించి. నా బండి మోసేది 20 మణుగులు అని రాసి ఉంటుంది, ఎవరి మణుగో రాసి ఉండదు. కొండ అవతలి ఊళ్ళో సరుకెత్తితే ఇరుసు విరుగుతుంది. ఇది ఆటలో ఒక్కసారే పెట్టాను, రెండోసారి పెడితే విసుగు.

ఆరో, ఏడో వారం: కుంచం

ఇక అసలు తలనొప్పి.

ఊరికో కుంచం పెట్టాలని ముందే అనుకున్నాను, కానీ నిల్వలన్నీ గిద్దల్లో దాచి కూర్చున్నాను. ఊరూరికీ గిద్ద మారితే ఆ అంకెకు అర్థమేముంది? అంతా విప్పి మళ్ళీ రాశాను. ఇప్పుడు లోపల అన్నిటికీ అడుగున ఉన్నది ఆవగింజ. ఏ ఊరి గిద్దలో ఎన్ని ఆవగింజలో ఆ ఊరి ఫైలులో ఉంటుంది. భాగించగా మిగిలినవి నేల మీద ఒలికిపోతాయి, పిచ్చుకలు వాలతాయి. శేషాన్ని పిచ్చుకలకు వేయడం ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన లైను.

దాని మీద ఇంకో పొర ఉంది. పాత్ర అంచుకు సమంగా కర్రతో గీసేసి కొలవడం ఒకటి, పైన గోపురంలా నిలిచేంత పోసి కొలవడం ఇంకోటి. ఈ గోపురం ఎంతుంటుందో నోటికొచ్చింది రాయకుండా లెక్క కట్టాను. గింజల రాశి వాలు సుమారు 30 డిగ్రీలు నిలుస్తుందనుకుంటే, లోతూ వెడల్పూ సమానంగా ఉన్న కుంచంలో గోపురం దాదాపు పదో వంతు. అదే కుంచం వెడల్పు పెంచి, లోతు వెడల్పులో పావుకు తగ్గిస్తే గోపురం మూడో వంతు దాటిపోతుంది, 38 శాతం దాకా. లోపల పట్టేది రెండిటిలోనూ సమానమే, ముద్రా సమానమే. పాత్ర ఆకారం మార్చి 28 శాతం కాజేయొచ్చు, ఎవడూ ఏమీ అనలేడు.

చాలా గర్వంగా ఆటలో పెట్టాను. ఉప్పురేవులో వెడల్పు కుంచం, గోపురం పోసి అమ్ముతారు. పొగకోటలో లోతు కుంచం, గీసి కొంటారు. ఫ్రెండుకు ఇచ్చాను. అరగంటలో ఫోను చేసి "పొగకోట కొనేశాను, ఇంకేముంది చేయడానికి?" అన్నాడు. రేవులో కొనడం, కోటలో అమ్మడం, ట్రిప్పుకు 38 శాతం, పక్కపక్క ఊళ్ళు. శేరుకు సవాశేరు అంటే ఇదే. ఆటగాణ్ణి మోసం చేయడానికి కట్టిన యంత్రాన్ని వాడు తిప్పి నాకే గురిపెట్టాడు.

ధరలు మార్చి సరిచేయొచ్చు. మూడు రోజులు అదే చేశాను, ఒకచోట నొక్కితే ఇంకోచోట ఉబ్బుతోంది. చివరికి జవాబు దొరికింది కౌటిల్యుడి అర్థశాస్త్రంలో. అందులో తూనికలు కొలతలు చూసే అధికారి ఉంటాడు, పౌతవాధ్యక్షుడు. తూనికరాళ్ళు ఇనుముతో గానీ, మగధ, మేకల దేశాల రాతితో గానీ, తడిస్తే పెరగని, వేడికి తరగని మరి దేనితోనైనా గానీ చేయాలి. ఇంత జాగ్రత్తగా చెప్పిన అదే గ్రంథం ద్రోణం అనే కొలతకు నాలుగు సైజులు ఇస్తుంది. ఖజానాకు వచ్చే గింజలు కొలిచే ద్రోణం 200 పలాలు (పలం ఒక పాత తూనిక). బజారు ద్రోణం 187న్నర. ఖజానా నుంచి బయటికిచ్చే ద్రోణం 175. అంతఃపురానికిచ్చేది 162న్నర. నాలుగూ ద్రోణాలే. తీసుకునేటప్పుడు 200, ఇచ్చేటప్పుడు 175, ఎనిమిదో వంతు అక్కడే మిగిలిపోయింది, దొంగతనం ఎక్కడా లేదు, అదే చట్టం.

అది చదివాక నా తప్పు కనపడింది. ఊరికో కుంచం పెట్టాను, పెట్టాల్సింది చేతికో కుంచం. ఏ ఊళ్ళోనైనా అంగడివాడి దగ్గర రెండు ఉంటాయి, కొనేటప్పుడు తీసేది ఒకటి, అమ్మేటప్పుడు తీసేది ఇంకోటి. ఆటగాడు ఎటు నిలబడ్డా మొదట నష్టమే. బయటపడే దారులు మూడు: వాడి రెండో కుంచం ఎక్కడ దాచాడో కనిపెట్టడం, అధికారిని తీసుకురావడం, లేదా సొంత కుంచం చేయించుకోవడం. ధరల పట్టిక మొత్తం పాత అంకెలకు తిప్పేశాను. ఫ్రెండు ఈసారి నాలుగు గంటలు ఆడి ఒక గాడిదను కొనగలిగాడు.

ఎనిమిదో వారం

వాయిస్ రికార్డింగులు. గింజలు కొలిచే మనిషి లెక్కపెడుతుంటే వినపడాలి. పాత పద్ధతిలో మొదటి కుంచానికి ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అలా సాగుతుంది. అలాగే రికార్డు చేశాం. మర్నాడు కజిన్ మెసేజ్: "అన్నా, ఒకటి బదులు లాభం అంటున్నాడు, తప్పు ఫైలు పెట్టావేమో చూడు." ఇంకో ఇద్దరూ దాన్నే బగ్ అని రాశారు. నాలుగో ఆమె మాత్రం వేరేగా రాసింది: "లాభం అన్నప్పుడు వాడు పాత్ర కొంచెం వంచాడు, మొదటి కుంచం తక్కువ పోశాడు, చూశారా?"

వంచలేదు. ఆ యానిమేషనులో చెయ్యి కదిలేటప్పుడు కొంచెం వణుకుతుంది, నేను సరిచేయాలనుకుని మరిచిపోయిన లోపం అది. కానీ ఆమె ఇప్పుడు ప్రతి అంగడిలోనూ మొదటి కుంచాన్ని కళ్ళార్పకుండా చూస్తోందట. సరిచేసే పనుల జాబితాలోంచి దాన్ని కొట్టేశాను. ఇప్పుడు నిజంగానే వంచుతున్నాడు, పదిసార్లలో ఒకసారి.

వచ్చేవారానికి మిగిలినవి: ముద్రల అధికారి కథ సగంలో ఉంది, వాడు లంచం తీసుకుంటాడా లేదా అనేది తేల్చలేదు. గురిగింజల త్రాసు బొమ్మ రావాలి. సొంత కుంచం మాత్రం పనిచేస్తోంది, కమ్మరి దగ్గర చేయించుకుని బండిలో వేసుకోవచ్చు. నిన్న ఫ్రెండు దాన్ని ఉప్పురేవులో బయటికి తీశాడు. అంగడివాడు దానివైపు చూసి, ఆటగాడివైపు చూసి, అలాగే నిలబడిపోయాడు, ఎందుకంటే ఆ చోట వాడేం అనాలో నేనింకా రాయలేదు.